రిట్జు హోటలు - మన వసతిగృహము
(యర్రగొండపాలెము వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మన సంఘము తలపెట్టిన నూతన కళ్యాణమండపమునుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను బడిపంతులను. ఇటుకయు సిమెంటును నా విద్యలు కావు. కావున నాకు తెలిసిన యొక కట్టడపు కథ చెప్పెదను. అది హైదరాబాదు నగరమున శాసనసభకు చేరువనున్న రిట్జు హోటలు. దానికిని మనకును సంబంధమేమి యని ముందు వరుసలోనివారు నవ్వుకొనుచున్నారు, కొంచెము తాళుడు.

ఆ భవనమును 1915 ప్రాంతమున కట్టించినవారు సర్ నిజామత్ జంగ్. ఆయన కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చదివి, బారిష్టరై, హైదరాబాదు ఉన్నతన్యాయస్థానమున ప్రధాన న్యాయమూర్తి పదవి నలంకరించిరి. ఆంగ్లమున కవిత్వము చెప్పిన రసికులు. తాము చదివిన కళాశాల పోలికలు వచ్చునట్లు గుట్టమీద నీ గృహమును బురుజులతోను కోటకొమ్మల వంటి పిట్టగోడలతోను కట్టించి హిల్ ఫోర్టు అని పేరిడిరి. విద్యాస్థానముపై గౌరవముచేత ఒకడు తన యిల్లు దాని రూపున కట్టుకొనుట నావంటి యుపాధ్యాయునకు మిక్కిలి ముచ్చటైన విషయము. మన శిష్యులలో బడి పోలికతో ఇల్లు కట్టుకొనువా డెవ్వడు? కట్టుకొన్నను, వానకు కారుటయందు తప్ప వేఱు పోలిక కనబడదు.

ఆయన అందు సుమారు పదునైదేండ్లు నివసించిరి. పిదప నది నిజాము ప్రభుత్వము వశమై, ఏడవ నిజాము ద్వితీయ కుమారుడగు మొఅజ్జం జా నివాసమయ్యెను. 1948లో ఆ రాజ్యము భారతదేశమున కలిసినది. 1955 మొదలుకొని యా భవనము రిట్జు హోటలు.

నేను దానిని చూచినది 1980వ దశకారంభమున. అప్పటికి భాషాప్రవీణ ముగించి క్రొత్తగా పండితోద్యోగమున చేరియుంటిని. మాచర్ల, నాగార్జునసాగరము మీదుగా బస్సులో నగరమునకు పోగా, అచ్చట వ్యాపారము చేయు దూరపు బంధువొకరు నన్ను హోటలు చూపుటకై తోడ్కొనిపోయిరి. కాఫీ యని యడిగిన, డికాక్షను వేఱు, పాలు వేఱు, పంచదార వేఱుగా తెచ్చి యెదుట పెట్టిరి. మన యూర త్రిమూర్తులును ఏకమై గ్లాసులో వచ్చుటకు అలవాటుపడిన నేను, కలుపు క్రమమెఱుగక బంధువుగారి చేతివంక చూచుచు కూర్చుంటిని. కాని నేటికిని నా కంటియందు నిలిచినది కాఫీ కాదు. మేము కూర్చున్నంతసేపును ఒక ముదుసలి సేవకుడు మెట్లప్రక్క కొయ్యకమ్మిని గుడ్డతో తుడుచుచునే యుండెను. అది యప్పటికే అద్దమువలె నుండెను. అయినను తుడుచుచునే యుండెను.

ఆ హోటలునుగూర్చి పెద్దలలో రెండభిప్రాయములు వింటిని. ప్రభువుల విలాసగృహము పాడైన మనకేమి యని కొందరు. నగరమునకు అలంకారము పోయెనని కొందరు. నేను మొదటివారితో నేకీభవింపను. నావంటివాడు రొక్కమిచ్చి యా గృహమున కుర్చీమీద కూర్చుండగలిగినది అది హోటలైన తరువాతనే కదా!

1990వ దశకము చివర హోటలు మూతపడినది. భవనము ప్రభుత్వ పర్యాటక శాఖ చేతికి వచ్చినది. దానిని మరల గొప్ప హోటలుగా చేయవలెనను ఆలోచనలు పుట్టినవి, అణగినవి. 2014లో రాష్ట్రము రెండైనది. ఈలోపల ప్రతి సంవత్సరమును వానకాలము మాత్రము తప్పక వచ్చుచుండెను. తుదకు ప్రాచీన కట్టడములపై అభిమానముగల నగరవాసులు ఉన్నతన్యాయస్థానము నాశ్రయింపవలసి వచ్చెను. పునరుద్ధరణపనులు ఆ వ్యాజ్యము తరువాత సాగినవి. ఒకనాడు చేతిగుడ్డతో తీరిన పని కోట్ల రూపాయల పనియైనది.

అదే నగరమున ఫలక్‌నుమా సౌధము 1884లో వికారుల్ ఉమ్రా ప్రారంభించినది. హిల్ ఫోర్టుకంటె ఒక తరము పెద్దది. అదియు చిరకాలము మూతపడియుండెను. తాజ్ హోటళ్లవారు కౌలుకు తీసుకొని, సుమారు పదేండ్లు బాగుచేసి 2010లో తెఱచిరి, నేడు కళకళలాడుచున్నది. అచ్చటి కాఫీ వెల నేను విచారింపలేదు, విచారింపను కూడ. అంతదూర మేల? మన కంభము చెరువు విజయనగర ప్రభువుల కాలమునాటిది. కట్టను తూములను కనిపెట్టి చూచువారు తరతరములుగా నుండుటచేతనే గుండ్లకమ్మ నీరు నేటికిని అందు నిలుచుచున్నది. జీర్ణోద్ధరణము నూతన నిర్మాణముకంటె అధిక ఫలప్రదమని మన పెద్దలు చెప్పుట ఊరక కాదు.

ఇక మన విషయము. మన విద్యార్థి వసతిగృహమున దోర్నాల, పుల్లలచెరువు, త్రిపురాంతకము ప్రాంతములనుండి వచ్చిన పేదబాలురు చదువుకొనుచున్నారు. కడచిన వానలలో మేడమీది గదిలోని పిల్లలు తమ పెట్టెలను క్రిందికి మోసికొని, వంటయింటి వసారాలో పండుకొనిరి. వారిలో నలుగురికి అది పదవతరగతి పరీక్షల సంవత్సరము. గృహముఖమున దాతల పేర్లతో శిలాఫలకమున్నది. వారికి నా నమస్కారము. అయితే కప్పు బాగుచేయించినవాని పేరు వ్రాయుటకు ఆ ఫలకమున జానెడు చోటైనను విడువలేదు. అందుచే కాబోలు, బాగుచేయించువారు రాలేదు. అధ్యక్షులు మన్నింపవలెను, ఈ మాట సభలోగాక మఱెచ్చట చెప్పుదును?

మండపము వలదని నా వాదము కాదు. పెండ్లిండ్లకు మన బీదకుటుంబములు పడు వ్యయము నేనెఱుగుదును. ముందుగా వసతిగృహపు కప్పు వేయింపుడు. పిమ్మట మండపమునకై వసూలగు ప్రతి అయిదు రూపాయలలో ఒక రూపాయి బ్యాంకులో శాశ్వతనిధిగా నుంచి, వడ్డీని మరమ్మతులకే వినియోగింపుడు. ఏటేట మృగశిర కార్తెకు పూర్వమే కట్టడములను చూచివచ్చుటకు ముగ్గురిని నియమింపుడు. వారిలో ఒకడు తాపీపని తెలిసినవాడై యుండవలెను. మువ్వురును ఉపన్యాసకులైన ప్రయోజనము లేదు.

ఈ యర్థముగల తీర్మానమును రేపటి ఉదయసభలో ప్రతిపాదింపనున్నాను. బలపఱచువారు రాత్రి భోజనానంతరము నాకు పేరిచ్చిన చాలును. కాదనువారు ఒకమాఱు మేడమీది గదికి వచ్చి కప్పువంక చూచి, పిమ్మట కాదనుడు.