నా వనవాసము



యౌవనమున ఇల్లు విడిచి అడవికి పోవలెనను కోరిక పుట్టనివాడు అరుదు. నాకు ఆ కోరిక ఇరువదియవ యేట పుట్టినది. ఇది ఏబదియేండ్ల క్రిందటి మాట. అప్పుడు నంద్యాల కర్నూలు జిల్లాలోనిది. 2022వ సంవత్సరమున గదా అది తానే యొక జిల్లాకు ముఖ్యపట్టణమైనది. మా తండ్రిగారు అచ్చట ప్రత్తివర్తకులు. నన్ను అంగడిలో కూర్చుండుమనిరి, నేను ఒల్లనంటిని. మాటకు మాట పెరిగినది.

ఆ దినములలోనే థోరో అను అమెరికా గ్రంథకర్త వ్రాసిన 'వాల్డెన్' అను పుస్తకము నా చేతికి దొరికినది. ఆయన 1845 జూలై 4వ తేదీ మొదలు రెండేండ్ల రెండునెలల రెండుదినములు ఒక కొలనియొడ్డున గుడిసె కట్టుకొని ఒంటిగా వసించెనట. ఇంకేమి! నాలుగుసేర్ల బియ్యము, ఉప్పు, అగ్గిపెట్టె, కంబళి, ఆ పుస్తకము మూటగట్టి, ఇంట చెప్పక బస్సెక్కి, ఆళ్లగడ్డలో దిగి, అహోబిలము చేరితిని.

ఎగువ అహోబిలము దాటి, భవనాశి వాగువెంట పైకిపోయి, ఒక రాతిచరియ క్రింద కాపురము పెట్టితిని. అది మనుష్యసంచారము లేని చోటని నా నమ్మకము. సన్నని త్రోవ యొకటి అచ్చటికి వచ్చుచుండెను; జింకలు నడచిన త్రోవ యనుకొంటిని. ఎండలకు వాగు ఇంకిపోయినను ఇసుకలో నొక చెలమ తేటనీటితో నుండెను. ప్రకృతిమాత నాకై యుంచినదనుకొంటిని.

రెండుదినములు మహారాజువలె నుంటిని. మూడవనాడు కోతులు బియ్యపుమూట చింపి పాఱబోసినవి. నాలుగవరాత్రి అకాలవర్షమునకు అగ్గిపెట్టె నానిపోయినది. పండీపండని తునికికాయలు తిని కడుపునొప్పి తెచ్చుకొంటిని. మనుష్యులు వలదని వచ్చిన నేను, పావన నరసింహస్వామి సన్నిధికి పోవు యాత్రికుల మాటలకై పగలెల్ల చెవియొగ్గి కూర్చుండసాగితిని. వారియొద్దకు పోవుటకు మాత్రము అభిమానము అడ్డము వచ్చెను. ఆఱవనాటికి జ్వరము తగిలినది. చెలమవఱకు నడచుటకును శక్తి లేదు.

ఆ సాయంకాలము ఒక చెంచు ముసలమ్మ నా చరియ క్రిందికి వచ్చి, తల యెత్తి పట్టి, జావ త్రాగించినది. "అవ్వా, నేనిక్కడ నున్నట్లు నీకెట్లు తెలిసెను?" అంటిని.

"నువ్వొచ్చిన రాత్రే తెలిసె నాయనా. ఎలుగులు తిరిగే తావు ఇది. మావోళ్లు ఆ బండమీద పండుకోని కావిలుండారు. నీకు అడ్డమెందుకని పలకరించలే. ఇంటికాడ ఎవురితోనన్న జగడమాడినావా?"

నాకు నోట మాట రాలేదు. ఆ త్రోవ వారు నడచినది. ఆ చెలమ వారు త్రవ్వినది; దాని పూడిక తీయుచుండినవారును వారే. నేను నిర్జనారణ్యమనుకొన్నది ఆమె పుట్టిన యూరు. చెంచులక్ష్మి కథ చిన్ననాటినుండి విన్నవాడనే. ఆ యడవిలో చెంచువారుందురని మాత్రము నాకు తోచలేదు!

థోరోగారిని నిందింపను. తన గొడ్డలి యెరువు తెచ్చినదనియు, ఊరు మైలున్నర దూరమే యనియు, ఒకటి రెండు దినములకొకసారి ఆ యూరికి పోయి వచ్చుచుంటిననియు ఆయనయే వ్రాసియున్నాడు. ఆ పుటలను తొలిసారి నేనే దాటవేసితిని.

మూడవనాడు ముసలమ్మ మనుమడు నన్ను దిగువ అహోబిలమువఱకు నడిపించి బస్సెక్కించినాడు. ఆళ్లగడ్డలో బస్సులు నిలుచు చోట మా తండ్రిగారు కూర్చుండియుండిరి. నేనచ్చట దిగితినని కండక్టరు చెప్పగా, నాలుగుదినములుగా వచ్చెడి ప్రతి బస్సును చూచుచున్నారట. నన్నొక్క మాట యనలేదు. "ఏమైనా తింటివా?" అని మాత్రమడిగిరి.

నెల తిరుగకమునుపే మేమిద్దరమును ఒక ఉప్పుబస్తాతో మరల అహోబిలము పోయితిమి. ఆ అవ్వ మఱేమియు పుచ్చుకొననన్నది.