కొత్వాలు ఊరు, మేయరు ఊరు

ఊరి పెత్తనం ఎవరిదన్న ప్రశ్నకు ఈ బీదరులో జవాబు ఎప్పుడూ పైనుంచే వచ్చింది. 1657లో ఔరంగజేబు కోట పట్టుకుని ఊరి పేరు జఫరాబాద్‌గా మార్చాడు. మొఘలు పద్ధతిలో ఊరికి కొత్వాలే దిక్కు. రాత్రి గస్తీ, బజారు ధరలు, తూకపురాళ్లు, మొహల్లాకొక పెద్ద, అన్నీ అతని చేతికిందే. అతణ్ణి పెట్టేదీ తీసేదీ సర్కారే. నిజాముల కాలంలోనూ, 1948 దాకా, ఆఖరి మాట హైదరాబాదుదే.

ఇంగ్లండు పట్నాలు అలా కావని చదువుకున్నాం. రాజు చార్టరు, అంటే హక్కుపత్రం, ఇస్తే అక్కడ ఊరే తన మేయర్ని ఎన్నుకునేది, సొంత కోర్టు నడుపుకునేది. నిజమే. అయితే పార్లమెంటుకు సభ్యుల్ని పంపేది చాలాచోట్ల ఈ పట్నసభలే. అది రెండో చార్లెస్‌కు కంటగింపైంది. ‘మీకీ హక్కు ఎక్కడిది’ అని కోర్టుకీడ్చి 1683లో ఏకంగా లండన్ చార్టరునే రద్దు చేయించాడు. అది చూసి బెదిరిన పట్నాలెన్నో తమ చార్టర్లు అప్పగించి కొత్తవి తెచ్చుకున్నాయి. ఆ కొత్తవాటిలో, గిట్టనివాళ్లను తీసేసే అధికారం రాజు తన దగ్గరే ఉంచుకున్నాడు. తమ్ముడు రెండో జేమ్స్ దాన్ని విచ్చలవిడిగా వాడాడు. మేయర్ని ఎవరు ఎన్నుకున్నారని కాదు, ఎవరు తీసెయ్యగలరని అడగాలని నా వాదన.

సొంత దేశంలో పట్నాల నోరు నొక్కుతున్న ఆ జేమ్సే చెన్నపట్నానికి కార్పొరేషన్ అంటే సరేనన్నాడు. పేచీ ఆ చార్టరు మీద ఎవరి ముద్ర అన్న దగ్గరే. ఈస్టిండియా కంపెనీ పట్టుబట్టి తన ముద్రే వేసుకుంది. రేపు మేయరు రాజముద్ర చూపించి గవర్నరు మీద తిరగబడకూడదు గదా! తేదీ 1687 డిసెంబరు 30. అప్పటికి గోల్కొండ మొఘలుల వశమై మూడు నెలలు. 1672లో ఏడాదికి 1,200 వరహాల కౌలు మీద ఆ పట్నాన్ని కంపెనీకి వదిలింది ఆ గోల్కొండే.

మేయరు, ఆల్డర్మన్లనే పన్నెండుమంది పట్నసభ సభ్యులు, వెండి దండాలు, ఆ ఉక్కపోతలో ఎర్రటి ఉన్ని గౌన్లు. ఆల్డర్మన్లలో మన తెలుగు వర్తకుడు చిన వెంకటాద్రి ఒకడు, కంపెనీ ప్రధాన వర్తకుడు బేరి తిమ్మన్న తమ్ముడు. మేయరుగా మాత్రం గవర్నరు కౌన్సిల్లోని నథానియల్ హిగ్గిన్సన్‌నే కూర్చోబెట్టారు. ఇదంతా ఔదార్యమనుకునేరు. కంపెనీ పెద్ద జోసయా చైల్డ్ లెక్క వేరు. పైవాడు ఆరు పెన్నీల పన్ను వేసినా జనం గింజుకుంటారు, తమవాళ్లే వేస్తే అయిదు షిల్లింగులైనా కడతారని అతని ధీమా. ఆ డబ్బుతో టౌన్‌హాలు, జైలు, బడి లేపాలనుకున్నారు. జనం అంత తేలిగ్గా మూట విప్పలేదు.

1726లో మొదటి జార్జి అసలైన రాజముద్ర వేసి మరో చార్టరు పంపాడు. ఈసారి ఆల్డర్మన్లు తొమ్మిదిమంది. మేయరూ, వాళ్లలో ఏడుగురూ పుట్టుకతో బ్రిటిష్‌వాళ్లే అయి ఉండాలి. చిన వెంకటాద్రి లాంటివాళ్లకు ఆ బల్ల దగ్గర చోటు పోయింది.