తుపాకి ఉపాంగములు - లేతు కార్మికుని హక్కు

ఎవరి పేరిట ఈ ఉపన్యాసము ఏర్పడినదో ఆ వకీలు సాబు సంగారెడ్డి కోర్టులో నాకు పెద్దదిక్కు. అరువు తీసికొన్న పుస్తకమును అంచులలో పెన్సిలుతో వాదించి గాని తిరిగి ఇచ్చెడివారు కారు. మా ఇరువురి మధ్య తెగకుండ మిగిలిపోయిన వాదమునే నివాళిగా సమర్పించుచున్నాను.

తుపాకి ఉపాంగములకు ఆయుధధారణ హక్కు వర్తించునా యను చర్చ అమెరికాలో కలదు. సైలెన్సరు ఆయుధము కాదని 2018లో పదవ సర్క్యూట్ కోర్టు కాక్స్ వ్యాజ్యమునను, పెద్ద మ్యాగజైను ఉపాంగమే యని 2025లో తొమ్మిదవ సర్క్యూట్ కోర్టు డంకన్ వ్యాజ్యమునను తీర్పులు చెప్పినవి. ఆయుధధారణ హక్కునిచ్చు అమెరికా రాజ్యాంగపు రెండవ సవరణ వంటిది మనకు లేదు. 1931 నాటి కరాచీ తీర్మానము ఆయుధధారణ హక్కును కోరినను, 1948 డిసెంబరులో రాజ్యాంగసభ యందు ఆ హక్కును చేర్చదలచిన కామత్ గారి సవరణ వీగిపోయెను. రాజ్యాంగము పేరెత్తి రక్షించిన ఆయుధము, 25వ అధికరణ వివరణలోని కిర్పాను ఒక్కటియే. ఇక 1959 నాటి ఆయుధ శాసనము, చప్పుడును మంటమెరుపును తగ్గించు ఉపకరణములను, విడిభాగములను, వానిని తయారుచేయు యంత్రములను గూడ 2వ సెక్షనులో తుపాకి నిర్వచనమునందే చేర్చినది. కనుక తుపాకి యజమాని హక్కును గూర్చి ఇచ్చట వాదించుట వ్యర్థమని నా నిశ్చితాభిప్రాయము. రాజ్యాంగరక్షణ కావలసినవాడు పటాన్‌చెరు షెడ్డులో విడిభాగములు తయారుచేయుచు లేతు ముందు నిలుచున్న కార్మికుడు.

ఆ శాసనపు 45వ సెక్షను (డి) ఖండము, చిన్న విడిభాగములను సంపాదించుటకును, ఉంచుకొనుటకును, మోయుటకును మినహాయింపు ఇచ్చుచున్నది. అయితే ఆ భాగములు తనవద్ద గాని, మరియొకరివద్ద గాని ఉన్న అనుబంధ భాగములతో కలిపి వాడుటకు ఉద్దేశింపబడినవి కారాదు. తయారుచేయనిదే ఉంచుకొనుట ఎట్లు సంభవించును, కాబట్టి తయారీయు అందు అంతర్భూతమే యని వకీలు సాబు వాదించెడివారు. నేటికిని ఆయన శిష్యులు పలువురు అట్లే వాదించుచున్నారు. నేను అంగీకరింపజాలను. శాసనము ఆధీనమును 3వ సెక్షనునందు, తయారీని 5వ సెక్షనునందు వేరుపరచినది. అదే 45వ సెక్షను (బి) ఖండమున, కేంద్రప్రభుత్వ ఆజ్ఞపై జరుగు పనులను చెప్పునపుడు తయారీని, మరమ్మతును పేరుపేరున లెక్కించినది. ఒకచోట చెప్పి, రెండు ఖండముల అవతల విడిచిన మాటను మనము దయతో పూరించుకొనుటకు వీలులేదు. పైగా 2019 సవరణానంతరము లైసెన్సులేని తయారీకి శిక్ష కనీసము 7 ఏండ్లు, గరిష్ఠము యావజ్జీవము. ఒక షెడ్డులో తిప్పి, మరియొక షెడ్డులో రంధ్రములు వేసి, మూడవచోట పూతపూయు ఈ ప్రాంతపు జాబ్‌వర్కులో, డ్రాయింగు తప్ప మరేమియు చూడని మనిషికి 'మరియొకరివద్ద' అను మాట ఎంత భయంకరమైనదో ఊహింపుడు! ఆధీనమునకు ఎరుక ఆవశ్యకమని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ వ్యాజ్యమున చెప్పినది. ఆ న్యాయమును తయారీకిని స్పష్టముగా వర్తింపజేయవలెను. అస్పష్టమైన శిక్షాశాసనము నిలువదని 2015లో శ్రేయా సింఘాల్ తీర్పు చూపియే యున్నది.

నేనిపుడు ఈ ఆయుధ శాసనమునకు తెలుగున వ్యాఖ్య వ్రాయుచున్నాను. అందు 45వ సెక్షను అధ్యాయమే మిక్కిలి పెరుగుచున్నది. కారణమిది: సారథ్ యుద్ధశకటములు చేయు ఎద్దుమైలారం కర్మాగారము 2021 అక్టోబరు 1 వరకు ప్రభుత్వశాఖలో భాగము, తరువాత కంపెనీలో భాగము. కంపెనీ ఇచ్చిన పని కేంద్రప్రభుత్వ ఆజ్ఞ యగునా, ఆ పనిని చేతులు మారి అందుకొన్న చిన్న షెడ్డుకు (బి) ఖండపు నీడ లభించునా? లభించునని వ్రాతమూలకముగా తెలుపని పనిఆర్డరును ఏ షెడ్డు యజమానియు స్వీకరింపరాదని, (డి) ఖండమున 'తయారీ' అను మాటను పార్లమెంటు చేర్చవలెనని ఆ అధ్యాయమున వ్రాసితిని. ముద్రణకు ముందు దానిని ఖండింపదలచిన న్యాయవాదులు, ముఖ్యముగా వకీలు సాబు శిష్యులు, తమ వాదములను నాకు పంపవలసినదిగా కోరుచున్నాను.