మగ్గానికి జప్తు లేదు
(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పండగ పూట అప్పుల మాటెందుకు అనుకోకండి. మేం వకీళ్లం కాదు, ఎనిమిదో తరగతితో బడి మానినవాళ్లం. సొసైటీ పుస్తకాలు రాసుకుంటా, సభ్యుల వెంట కోర్టు మెట్లు ఎక్కి దిగి నేర్చుకున్నది చెబుతున్నాం.

తరతరాలుగా తమిళనాడులో ఉన్నాం. ఇంట్లో తెలుగే. అప్పు మాటలు మాత్రం చూడండి, అన్నీ అరవం నుంచే వచ్చినాయి: కందు వడ్డి, మీటర్ వడ్డి, తండల్, మంజ కడుదాసి. మొదటి మూడూ నేరమే. 2003లో మన రాష్ట్రంలో అధిక వడ్డీని నిషేధిస్తూ చట్టం వచ్చింది. రోజు వడ్డీ, గంట వడ్డీ కూడా అందులోకే వస్తాయి. మూడేళ్ల దాకా జైలు. అసలు ఎగ్గొట్టమని చట్టం చెప్పలేదు. కానీ వాకిట్లో నిలబడి ఆడవాళ్లని నానా మాటలు అనేవాడికి భయపడి ఊరు విడిచిపోవలసిన పని లేదు, పోలీసు ఫిర్యాదు ఇవ్వవచ్చు.

"డిక్రీ తెచ్చి మగ్గం ఎత్తుకుపోతాం" అని కొందరు బెదిరిస్తారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం చేతిపనివాడి పనిముట్లు జప్తు చేయకూడదు. మనం కూర్చుని నేసుకునే మగ్గం, అచ్చు, నాడె, రాట్నం అలాంటివే. వంట సామాను, పడక, కట్టుగుడ్డలు, ఆచారం ప్రకారం ఆడమనిషి తీయకూడని తాళి కూడా జప్తుకి రావు. ఇరవై మగ్గాలు పెట్టి కూలికి నేయించే ఆసామి ఇది తనకీ వర్తిస్తుందని ధీమాగా ఉండకూడదు. మగ్గాన్నే తాకట్టు రాసిచ్చినవాడి సంగతీ వేరు.

ఇక సంతకం. మాకు తెలిసిన ఒక ఇంట్లో ఇంటాయన పోయి పదిరోజులు కాలేదు, అప్పిచ్చినాయన పాత ప్రోనోటు పట్టుకొచ్చాడు. "మీరేం ఇవ్వొద్దమ్మా, ఈ కొత్త నోటు మీద సంతకం పెట్టండి చాలు" అన్నాడు. ఎంత మర్యాదో! మొగుడి అప్పుకి పెళ్లాం సంతకం లేకపోతే ఆమె సొంత సొమ్ము బాధ్యత కాదు. ఆయన వదిలిన ఆస్తి ఎంత ఉంటే అంతవరకే వారసులు కట్టాలి. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మం అని కోర్టులో లాగే పద్ధతి కూడా 2005 తర్వాత చేసిన అప్పులకు లేదు. ఆ కొత్త నోటు మీద సంతకం పడిందా, అప్పు ఆమెదైపోతుంది. డిమాండు ప్రోనోటు గడువు రాసిన తేదీ నుంచి మూడేళ్లు. గడువు లోపల కొంత కట్టి వెనకాల రాయించుకుంటే మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. ఆ అమ్మ సంతకం పెట్టలేదు. ఆయన కోర్టుకీ పోలేదు.

ఖాళీ స్టాంపు కాయితం మీద సంతకం పెట్టి ఇచ్చినా, అందులో అంకె రాసుకునే అధికారం ఇచ్చినట్టే అవుతుంది. తోడల్లుడికి హామీ పడితే బ్యాంకు ముందు తోడల్లుడినే అడగాలని లేదు, నేరుగా మన దగ్గరికి రావచ్చు.

మంజ కడుదాసి అంటే దివాలా అర్జీ. ఆంధ్రావాళ్లు ఐ.పి. అంటారు. దాన్ని తిట్టుమాట చేసుకున్నాం గానీ, అది 1920 నాటి చట్టం ఇచ్చిన దారి. 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చినా మనలాంటి మామూలు మనుషుల అప్పుల భాగం ఇంకా అమలు కాలేదు. అప్పులూ ఆస్తులూ దాచకుండా రాసి అర్జీ పెట్టాలి. కోర్టు దివాలా ప్రకటిస్తే ఆస్తి కోర్టు చేతికి పోతుంది, అప్పులవాళ్లు కోర్టు అనుమతి లేకుండా విడిగా దావా వేయలేరు. తనఖా ఉన్నవాడికి మాత్రం ఈ అడ్డు లేదు. చాలామంది ఇక్కడితో అయిపోయింది అనుకుంటారు. కోర్టు పెట్టిన గడువులో విడుదలకు మళ్లీ అర్జీ వేయాలి, లేకపోతే దివాలా ఉత్తర్వే రద్దవుతుంది. విడుదల వచ్చినా హామీదారుకి విడుదల రాదు. అర్జీకి రెండేళ్ల లోపల ఇల్లు పెళ్లాం పేర ఊరికే రాసిచ్చి ఉంటే దాన్నీ కొట్టేయవచ్చు.

అందుకని కొందరు దొంగ విడాకులు ఆలోచిస్తున్నారు. ఉత్త తెలివితక్కువ. అప్పు పోదు, కాపురం పోతుంది. నిజంగా విడిపోవలసి వచ్చినా, కుల పెద్దల ముందు స్టాంపు కాయితం రాసుకుంటే సరిపోదు. ఆ ఆచారం ఉందని కోర్టులో రుజువు కావాలి, అది కష్టం. ఇద్దరికీ ఇష్టమైతే ఏడాది విడిగా ఉన్నాక కలిసి అర్జీ వేయాలి, తర్వాత మామూలుగా ఆరునెలల గడువు ఉంటుంది. పుట్టింటివాళ్లు పెట్టిన నగలు ఆడపిల్లవే, మొగుడి అప్పు కింద జమ చేసుకునే హక్కు అత్తగారికి లేదు. కోర్టు వేసిన భరణం దివాలాతో కూడా పోదు.

వకీలుకి డబ్బులెక్కడ అంటారు. ఆడవాళ్లకి ఆదాయం లెక్క లేకుండా న్యాయ సేవల కమిటీ ఉచితంగా వకీలుని పెడుతుంది, మగవాళ్లకి ఆదాయాన్ని బట్టి. తాలూకా కోర్టు ఆవరణలోనే కమిటీ ఉంటుంది, ఫోను 15100. పోయేటప్పుడు నోటు నకలు, కట్టిన రశీదులు, బ్యాంకు పుస్తకం, వచ్చిన నోటీసు కవరుతో సహా తీసుకుపోండి. కవరు మీద తేదీ ముద్ర ఉంటుంది. చెక్కు కేసు నోటీసు అయితే చేతికొచ్చిన నాటి నుంచి 15 రోజులే గడువు, ఆ వారం చీర ఆలస్యమైనా సరే, ముందు అక్కడికి పోండి.