ఉప్పుగాలి - ఉక్కు గొట్టము

వేసవి సాయంకాలమున శ్రీసిటీ ప్రాంతములో తూర్పు మొగముగా నిలిచినచో పులికాటు మీదుగా వచ్చు గాలి హాయిగా ఉండును. ఆ గాలిలో కొంచెము ఉప్పు కూడ ఉన్నదని మన చర్మమునకు వెంటనే తెలియును. వాహనముల అడుగుభాగమునకు తెలిసిన సంగతి మనకు చేరుటకు మాత్రము ఏండ్లు పట్టును. మేము దీనిని ఆలస్యముగా తెలిసికొన్నవారము. మా అనుభవము శ్రోతలలో పాత కారు గలవారికి కొంత ఉపకరించునేమోనని ఈ ప్రసంగమునకు పూనుకొంటిమి.

శ్రీసిటీ 2008లో వెలసినది. అప్పుడు చిత్తూరు, నెల్లూరు జిల్లాల సరిహద్దున ఉండెడి ఈ ప్రదేశము 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనతో తిరుపతి జిల్లాలో చేరినది. 2016లో ఇచ్చట ఇసుజు వారి వాహనముల కర్మాగారము ప్రారంభమైనది. కొత్త బండ్లు బారులు తీరి బయటికి వచ్చుచుండగా చూచుట కన్నులపండుగయే. అయితే ఆ బారులను చూచి ఇంటికి వచ్చువారి వాకిట నిలిచియుండునది పాతబండి కావచ్చును. మా వాకిట ఉన్నది అట్టిదే. ఇరువది ఏండ్లు దాటిన పెద్ద విదేశీ కారు, గేర్లు తమంతట తామే మారునది. మా అన్నగారు చెన్నపట్టణమున కొని కొన్నాళ్లు నడపి మాకు ఇచ్చిరి. దానియందు మాకు గల మమకారము దాని వెలకు మించినది.

ఇట్టి కార్లలో ఇంజనునకు గేరుబాక్సునకు నడుమ కాలితో త్రొక్కెడి క్లచ్చి ఉండదు. రెండు రెక్కల చక్రములు ఎదురెదురుగా ఉండును. ఇంజను ఒకదానిని త్రిప్పగా, నడుమనున్న నూనె ఆ వేగమును రెండవదానికి అందించును. అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ కార్లకు 1939లో ఈ తరహా గేరుబాక్సును అమర్చిరి. నాటినుండి నేటివరకు ఎన్ని మార్పులు వచ్చినను, నూనె చిలుకబడుట వలన వేడి పుట్టుట మాత్రము తప్పలేదు. ఆ నూనెయే లోపలి పలకలను అదిమి గేరు పట్టించును, భాగములు అరగకుండ కాపాడును. అది మితిమీరి కాగినచో చెడిపోవును, దానితో గేరుబాక్సును చెడును. అందుచేత దానిని సన్నని ఉక్కు గొట్టముల ద్వారా ముందున్న రేడియేటరునకు పంపి, అచ్చట చల్లార్చి, మరల వెనుకకు రప్పింతురు. పోవుటకు ఒక గొట్టము, వచ్చుటకు ఒకటి. వాటి గోడ మందము ఒక మిల్లీమీటరునకు అటునిటు. ఇంత పెద్ద కారు ప్రాణము అంత పలుచని రేకు మీద ఆధారపడి ఉన్నదని మాకు చాలకాలము తెలియదు.

శీతల దేశములలో మంచు కరగుటకై రోడ్ల మీద ఉప్పు చల్లుదురు. ఈ గొట్టములకు తుప్పు పట్టుటను గూర్చి అక్కడివారు మొరపెట్టుకొనుట ఆశ్చర్యము కాదు. మనకు మంచు లేదు గాని పులికాటు ఉన్నది. ఫ్లెమింగో పక్షులను చూపుటకై పిల్లలను వెంటబెట్టుకొని సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు సరస్సు మీదుగా పోవు బాటలో మేము ఎన్ని ఆదివారములు తిరిగితిమో! గాలిలో తేమ సుమారు 75 శాతము దాటినచో ఉప్పు తనంతట తాను నీరు పట్టును. వాన కురియకపోయినను, రాత్రివేళ షెడ్డులో నిలిచిన కారు అడుగున ఆ పలుచని ఉప్పునీటి పొర తయారగును. గొట్టమును పట్టియుంచు క్లిప్పుల క్రింద, రబ్బరు తొడుగుల లోపల, బురద పేరుకొన్న మూలలలో అది ఆరదు. పైకి కనిపించు భాగము నిగనిగలాడుచుండగనే క్లిప్పు చాటున ఇనుము తినివేయబడును.

మొదట మేము చూచినది షెడ్డు నేలపై ఎర్రని చుక్కలు. ఇంజను నూనె నల్లగా ఉండును గదా, ఇది ఏమి చిత్రమని అనుకొని ఊరుకొంటిమి. చుక్కలు మడుగైన పిమ్మట ఒక మరమ్మత్తు షెడ్డునకు తీసికొనిపోతిమి. చిల్లిపడిన భాగమును కోసివేసి, నడుమ ఒక రబ్బరు ముక్క తొడిగి, రెండు క్లిప్పులు బిగించినచో గంటలో పని ముగియుననిరి. గొట్టమంతయు మార్చవలెనన్న రెండు రోజులు. మేము గంటనే ఎంచుకొంటిమి. ఆ తప్పు మాదే.

ఆరు నెలలు గడచినవి. మా అత్తగారిని తిరుపతిలో వైద్యునికి చూపుటకై బయలుదేరిన నాడు, శ్రీకాళహస్తి దాటి ఏర్పేడు చేరబోవుచుండగా, ఇంజను రొద హెచ్చినది గాని బండి వేగము హెచ్చలేదు. ఆ వెంటనే ముందునుండి పొగ. కాగిన నూనె పొగగొట్టము మీద పడుచుండెను. అది అంటుకొనుటయు కలదని తరువాత వినినప్పుడు మా గుండె ఝల్లుమన్నది. ఆమెను దింపి ఆటోలో పంపి, మేము రోడ్డుప్రక్కన నిలిచితిమి. సమీపమునుండి వచ్చిన వృద్ధ మెకానిక్కు క్రిందికి దూరి చూచి, "సార్, రబ్బరు ఊడొచ్చేసింది. ఇనుప గొట్టం చివర నున్నగా ఉంటే క్లిప్పు ఎంత బిగించినా నిలవదు" అనెను. "ఇక నడపవచ్చునా అన్నా?" అని అడిగితిమి. "నూనె లేకుండా నడిపితే ఈపూట గొట్టం పోయింది, రేపు గేరుబాక్సు పోతుంది" అని లేచి, తాడు తెచ్చుటకు పోయెను. కాని వెనుక చక్రములు తిరుగుచు లాగబడినను ఇట్టి గేరుబాక్సునకు హాని కలుగవచ్చును. కావున మేము కారును లారీ పైకెక్కించియే తీసికొనిపోతిమి.

ఇక మరమ్మత్తు సంగతి. రబ్బరునకు కార్లలో చోటే లేదని అనుకొనరాదు. ఇంజను తన దిమ్మల మీద ఊగుచుండును, రేడియేటరు కదలదు. ఆ రెంటి నడుమ మెత్తని ముక్క ఉండితీరవలెను. అది నూనెకును వేడికిని తట్టుకొను జాతిది కావలెను, చివరలు యంత్రముతో అదిమినవై ఉండవలెను. పెట్రోలు గొట్టము పనికిరాదు. మిగిలిన పొడవునకు కొత్త ఉక్కు గొట్టమైనను, రాగి 90 పాళ్లు నికెలు 10 పాళ్లు కలసిన మిశ్రమలోహపు గొట్టమైనను వాడవచ్చును. ఓడలలో సముద్రజలము ప్రవహించు గొట్టములకు వాడు లోహమిదే. ఇది చేతితో వంగును, ఉప్పునకు లొంగదు. శీతల యంత్రములకు వేయు ఒట్టి రాగి గొట్టము చవుకగా దొరకును గాని, ఎడతెగని అదురునకు రాగి బిరుసెక్కి పగులును. మాకు దానిని ఇవ్వజూపినవారు ఇద్దరు.

పాత గొట్టమును ముక్కలు చేయక మాదిరిగా ఉంచుకొని, దాని వంపులనే కొత్తదానికి ఈయవలెను. పొగగొట్టమునకు ఎడముగా పోనీయవలెను. విప్పునప్పుడే అసలు ప్రమాదము. తుప్పుపట్టిన నట్టును ఒక్క పానాతో త్రిప్పినచో రేడియేటరు మెడయే చిరుగును. ముందునాటి రాత్రియే తుప్పు వదలించు నూనె పోసి, మరునాడు ఒక పానాతో రేడియేటరు వైపు భాగమును నిలిపిపట్టి, రెండవదానితో నట్టును త్రిప్పవలెను. నూనె సులభముగా అంటుకొనునది గనుక అచ్చట మంట పెట్టరాదు. జాకీ ఒక్కదానినే నమ్మి కారు క్రిందికి దూరరాదు, స్టాండ్లు వేయవలెను.

బిగించిన పిమ్మట తయారీదారు చెప్పిన జాతి నూనెనే పోసి, వారు చెప్పిన వేడిలో, చెప్పిన పద్ధతిలో మట్టము చూడవలెను. పలు కార్లలో ఇంజను నడచుచుండగా చూతురు, కొన్నింటికి కొలపుల్లయే ఉండదు. నూనె గులాబి రంగున పాలవలె కనిపించినచో, అది గొట్టపు దోషము కాదు, రేడియేటరు లోపలనే నీరు నూనె కలిసినవని గ్రహించి, బండిని అక్కడనే నిలుపవలెను.

మా అత్తగారి వైద్యము సకాలముననే జరిగినది. గేరుబాక్సు దక్కినది. దానిని బాగుచేయించుటకగు ఖర్చు మా కారు అమ్మిన వచ్చు సొమ్మునకు మించియుండెడిదని తరువాత తెలిసినది. బ్రేకు గొట్టములును అదే ఉక్కుతో, అదే క్లిప్పులలో, అదే గాలిలో ఉన్నవి గదా అని వాటిని విప్పించి చూడగా, ఒకటి ఇంచుమించు అదే స్థితిలో ఉన్నది. దానిని మార్పించుటకు ఈమారు గంటలు లెక్కింపలేదు.

ఇప్పుడు పులికాటు వైపు పోయివచ్చిన ప్రతి మారును అడుగుభాగమును మంచినీటితో కడుగుచున్నాము. ఈశాన్య ఋతుపవనములు వచ్చుటకు ముందు, అనగా సెప్టెంబరు మాసాంతమున, క్లిప్పులు ఊడదీసి వాటి చాటు చూచి, తుడిచి మైనపు పూత పూయించుచున్నాము. రాత్రి షెడ్డులో కారు క్రింద తెల్లకాగితము పరచి, ఉదయమున చూచి తీసివేయుట మా అబ్బాయి పని.