బాబాసాహెబ్ బొమ్మలు
(కోటగిరి సభలో చేసిన ప్రసంగం)



మన వాడ గోడల మీద బాబాసాహెబ్ అంటే నీలం కోటు, చేతిలో రాజ్యాంగం. ఆ కోటు తీసేయమంటలేను. బడిల విడిగ గోనెపట్ట మీద కూసున్న పిలగాడు తొడుక్కున్న కోటది! ఆయన 1956లో పోతే, పార్లమెంటు సెంట్రల్ హాలులో చిత్రపటం పెట్టింది 1990లో.

అయితే ఒక బొమ్మ నాకింకా కనబడలే. 1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసిండు. ఫ్యాక్టరీ పనిని వారానికి 54 గంటల నుంచి 48కి తగ్గించే బిల్లు 1946లో పెట్టింది ఆయనే. బోధన్ చక్కెర ఫ్యాక్టరీల చెమటోడ్చినోళ్ల ఇండ్లల్ల గూడ ఆ బొమ్మ లేకపాయె.

ఈసారి ఏప్రిల్ 14కు పెయింటర్ తమ్మునికి చెప్పుండ్రి: కోటు అట్లనే ఉండనీ, ముంగట బల్ల గీయి, బల్ల మీద కార్మికుల ఫైలు పెట్టు, దాని మీద 48 అని పెద్దగ రాయి.