హాజరుపట్టీ లేని క్రమశిక్షణ

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పట్టుదల, క్రమశిక్షణల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. ఉద్యోగంలో ఉండగా ఈ రెండూ మనకు కొత్త కావు. వేళకు హాజరుపట్టీలో సంతకం పడాలి. ఆలస్యమైతే ఎర్రసిరా గుర్తు పడేది. మూడు గుర్తులు పడితే ఒక క్యాజువల్ లీవు ఎగిరిపోయేది. అందుకని మనమంతా క్రమశిక్షణ గలవాళ్ళమే అనుకున్నాం. రిటైరయ్యాక నాకు తెలిసింది, అందులో సగం నాది కాదు, ఆ పట్టీదని. మొదటి ఆర్నెల్లు ఎనిమిదింటికి లేచి, పేపరు రెండుసార్లు చదివి, ఇంట్లోవాళ్ళ మీద విసుక్కుంటూ గడిపాను.

అడిగేవాళ్ళు లేనప్పుడు కూడా నిలిచేదే అసలైన క్రమశిక్షణ. దీనికి గిడుగు రామమూర్తి పంతులు గారిని మించిన ఉదాహరణ నాకు కనబడదు. ఆయన 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, దగ్గరి కొండల్లోని సవరల భాష నేర్చుకోవాలని సంకల్పించారు. నేర్చుకోవడానికి పుస్తకం లేదు. తెలుగు తెలిసిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఒక్కొక్క మాటే రాసుకున్నారు. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైను వల్ల వినికిడి దెబ్బతిన్నది. భాష నేర్చేవాడికి చెవే పనిముట్టు. అయినా పని మానలేదు.

1911లో ఆయన ఉద్యోగ విరమణ చేశారు. వ్యవహారభాష కోసం సాగించిన పోరాటంలో పెద్ద భాగం ఆ తర్వాతదే. సవర వ్యాకరణ గ్రంథం 1931లో వెలువడే నాటికి ఆయనకు అరవై ఏడు దాటాయి. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. 1940లో కన్నుమూశారు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం.

అంతటివారి పక్కన నా సంగతి చెప్పడం సాహసమే. కానీ మన స్థాయి మనిషి అనుభవం కూడా ఒకటి ఉండాలి కదా. 2011లో నాకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి బ్యాంకుకి వెళితే సంతకం కలవలేదు. "వేలిముద్ర వేయండి సార్, ఫరవాలేదు" అన్నాడు గుమాస్తా మర్యాదగానే. ముప్పై నాలుగేళ్ళు ఫైళ్ళ మీద సంతకాలు చేసినవాణ్ణి. వేలిముద్ర వేసి, బొటనవేలి సిరా తుడుచుకోకుండానే ఇంటికొచ్చాను.

మర్నాటి నుంచి ఉదయం ఆరింటికి డాక్టరు చెప్పిన వ్యాయామం, తర్వాత మనవరాలి పలక మీద అక్షరాలు. మొదట్లో 'అ' రాస్తే కోడి గీరినట్టుండేది. మూడో నెలలో ఇక చాలించేద్దామనుకున్నాను. మా ఆవిడ ఏమీ అనలేదు. తెల్లారి ఆరింటికి పలక తుడిచి బల్ల మీద పెట్టింది. నా హాజరుపట్టీ అదే అయింది.

మరుసటి నవంబరులో అదే కౌంటరు దగ్గర సంతకం చేశాను. కాస్త వంకర పోయింది. గుమాస్తా పాత కార్డుతో పోల్చి చూసి, మాట్లాడకుండా ముద్ర వేశాడు. ఏ ప్రమోషనూ నాకంత ఆనందం ఇవ్వలేదు. ఇప్పుడు ఫోనులో ముఖం చూపించినా ఆ పని అయిపోతుంది. నేను మాత్రం రోజూ ఒక పేజీ రాస్తూనే ఉన్నాను.

పట్టుదలతో అన్నీ తిరిగి వస్తాయని నేను చెప్పను. ఈనాటికీ చొక్కా గుండీలు మా ఆవిడే పెట్టాలి. కానీ వచ్చేది ఎంతో తెలియాలంటే రోజూ పలక పట్టాల్సిందే.

అందుకే నా మనవి ఒక్కటి. ఒక చిన్న పని ఎంచుకోండి. దానికి ఒక వేళ పెట్టుకోండి. చేసిన రోజున క్యాలెండరులో గుర్తు పెట్టండి. తప్పిన రోజుకు దిగులుపడకుండా మర్నాడు కూర్చోండి. పరీక్ష తప్పిన పిల్లలకూ ఇదే చెబుతాను. ఇంట్లో ఎవరైనా ఇలా కూర్చుంటే వారికి ఉపదేశాలు అక్కర్లేదు. పలక తుడిచి పెట్టండి, చాలు.